పటము క్రింద ఎవరి పేరు?

మన ఇండ్లలో గోడకు వ్రేలాడుచున్న పాత పటమును ఒకసారి తేరిపార చూడుడు. తాతగారు కుర్చీలో నిటారుగ కూర్చుండి యుందురు. నాయనమ్మగారు ప్రక్కన నిలిచి యుందురు. నడుమ ఒక చిన్న బల్ల, దానిపై పూలకుండియో పుస్తకమో యుండును. వెనుకనున్న తెరపై ఒక స్తంభమో, మేడ మెట్లో చిత్రింపబడి యుండును. ఆ మేడ మన తాతగారిది కాదు. ఆ పుస్తకమును ఆయన చదివి యుండకపోవచ్చును. ఇద్దరి ముఖములందును నవ్వు లేదు. అయినను ఆ పటమునే మనము వారి నిజరూపముగ భావించి, దండ వేసి నమస్కరించుచున్నాము.

ఈ కుర్చీ, ఈ తెర, ఈ బిగుసుకొనిన మెడ మన ఊళ్ళలో పుట్టినవి కావు. ఇవి సుమారు 180 సంవత్సరములకు పూర్వము లండను, పారిసు మున్నగు నగరములలోని ఛాయాచిత్రశాలలందు ఏర్పడి, అచ్చటనుండి లోకమంతట వ్యాపించిన అలవాట్లు. విక్టోరియా రాణి 1837లో ఇంగ్లండు సింహాసనము నధిష్ఠించెను. రెండు సంవత్సరములు గడచునప్పటికి ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియయ్యెను. సూర్యునికి పక్షపాతము లేదు. వెలుగు రాజును, కూలివానిని ఒకే తీరున చిత్రించును. కావున ఈ కళ మనుష్యుల అంతరములను తొలగించునని తోచుట సహజము. అది ఎంతవరకు జరిగినది? ఈ వ్యాసమునందు మనము విచారింపవలసిన ప్రశ్న ఇదియే.

ఛాయాచిత్రము పుట్టుటకు ముందు ఇంగ్లండులో తన రూపమును నిలుపుకొనుట ధనవంతుల భాగ్యముగ నుండెను. ప్రభువులు పేరుపొందిన చిత్రకారులను పిలిపించి నిలువెత్తు తైలవర్ణ చిత్రములు వ్రాయించుకొనిరి. అంతకు తక్కువ స్థితిపరులు దంతపు రేకుపై నీటిరంగులతో వ్రాసిన చిన్న పటములతో తృప్తిపడిరి. మరికొందరు నల్లకాగితమును ప్రక్కముఖపు ఆకారముగ కత్తిరించిన నీడబొమ్మలు కొనుక్కొనిరి. కూలిపని చేయువారిలో చాలమంది తమ తల్లిదండ్రులు పోయిన పిదప వారి ముఖములను జ్ఞాపకమునందు తప్ప మరెక్కడను చూడజాలకుండిరి.

ఇట్టి కాలమున, 1839 జనవరి 7వ తేదీన, పారిసులోని విజ్ఞానశాస్త్ర పరిషత్తునందు డాగెర్ అను నతడు కనిపెట్టిన పద్ధతిని గూర్చిన ప్రకటన జరిగెను. ఆ సంవత్సరమే ఆగస్టు 19వ తేదీన దాని రహస్యమంతయు బయలుపడెను. ఆ పద్ధతి ఇట్టిది. వెండిపూత గల రాగిరేకును అద్దమువలె మెరుగుపెట్టి, అయొడిన్ ఆవిరి పట్టింతురు. అప్పుడు దానిపై వెలుగు సోకిన మారెడు పొర యేర్పడును. ఆ రేకును కెమెరాలో నుంచి బొమ్మను పడనిచ్చి, పిమ్మట పాదరసపు ఆవిరి పట్టింపగా రూపము పైకి తేలును. తుదకు ఒక లవణద్రావణముతో కడిగినచో ఆ రూపము నిలిచిపోవును. దీనికి డాగెరోటైపు అని పేరు. ఒక్కొక్క రేకు ఒక్కొక్క చిత్రమే. దానికి రెండవ ప్రతి లేదు.

ఫ్రాన్సు ప్రభుత్వము డాగెర్‌కు పింఛను ఏర్పరచి, ఆ విద్యను లోకమునకు ఉచితముగ నొసగెను. కాని ఇంగ్లండులో మాత్రము డాగెర్ ముందుగనే పేటెంటు తీసికొని యుండెను. కావున అచ్చట ఆ పని చేయగోరువారు హక్కును కొనవలసివచ్చెను. ఆ హక్కును కొన్నవాడు రిచర్డ్ బియర్డ్ అను బొగ్గుల వర్తకుడు. అతడు 1841 మార్చి 23వ తేదీన లండను రీజెంటు వీధిలోని పాలిటెక్నిక్ సంస్థ మేడపై ఛాయాచిత్రశాలను తెరచెను. ఐరోపాఖండమున ప్రజలకొరకు తెరచిన మొదటి ఛాయాచిత్రశాలగ దీనినే చెప్పుదురు. అదే సంవత్సరమున ఆంట్వాన్ క్లాడె అను ఫ్రెంచివాడు అదే నగరమున మరియొక శాలను తెరచెను.

బియర్డ్ శాలలో ఒక పటమునకు వెల ఒక గినీ. గినీ యనగా 21 షిల్లింగులు. ఆనాడు పొలములో పనిచేయు కూలివానికి వారమునకు సుమారు 8 మొదలు 10 షిల్లింగులు మాత్రమే లభించుచుండెను. అనగా అరచేతిలో నిముడు ఒక చిన్న రేకు కొరకు అతడు రెండు వారముల కూలిని, ఆపైన మరికొంత సొమ్మును చెల్లింపవలెను. ఇల్లాలు, పిల్లలు రెండు వారములు పస్తుండిన గాని అతనికి పటము లేదు. సూర్యుని వెలుగు ఉచితమే. దానిని రేకుపై నిలుపు హక్కు ఉచితము కాదు. ఛాయాచిత్రమునందు మొదటి అంతరము ఇట్లు ధరవలన కలిగినది.

రెండవ అంతరము స్టూడియో లోపల ఉండెను. జార్జి క్రూక్‌షాంక్ అను చిత్రకారుడు 1842లో బియర్డ్ శాలను చిత్రించెను. పైకప్పు గాజుతో నుండును. పటము తీయించుకొనువాడు వెలుతురుకు దగ్గరగ నుండుటకై ఎత్తైన వేదికపై కుర్చీలో కూర్చుండును. పనివాడు గడియారము పట్టుకొని కాలమును లెక్కించుచుండును. ఎండ బాగుగ నున్నచో కొన్ని క్షణములు, మబ్బు పట్టినచో అంతకు పెక్కురెట్లు కాలము కదలక యుండవలెను. అందులకై కుర్చీ వెనుక ఒక ఇనుప కమ్మిని నిలిపి, దాని కొననున్న పట్టుతో తలను ఆనించియుంచుచుండిరి. ఆ పట్టు పటములో కనబడదు. బిగుసుకొనిన మెడ మాత్రము కనబడును. నవ్వును అంతసేపు ముఖముపై నిలుపుట కష్టము. పైగా గంభీరముగ నుండుటయే పెద్దమనిషి లక్షణమని తైలవర్ణ చిత్రములు అంతకుముందే నేర్పియుండెను. ఈ రెండు కారణములచేత ఆనాటి పటములలో నవ్వు అరుదు.

స్తంభములు, జేగంట తెరలు, నగిషీ కుర్చీలు కూడ ఆ తైలవర్ణ చిత్రములనుండియే వచ్చినవి. రంగులతో చిత్రించిన తెరను వెనుక నిలుపు పద్ధతికి క్లాడె 1841లోనే పేటెంటు తీసికొనెను. ప్రభువుల చిత్రములలో స్తంభము వారి మేడకు గురుతు. పుస్తకము వారి విద్యకు గురుతు. స్టూడియోలో అవి యెవ్వరికైన లభించు సామగ్రియయ్యెను. చిల్లర దుకాణదారుడును, బడిపంతులును, గుమాస్తాయును ఆ స్తంభము ప్రక్కన నిలిచి, ఆ పుస్తకముపై చేయి వేసి, కొన్ని క్షణములపాటు పెద్దమనుష్యులైరి. దీనిని చూచి పరిహసింపరాదు. తనను లోకము ఎట్లు చూడవలెనని కోరుకొనుచున్నాడో ఆ మనిషి ఆ పటములో చెప్పుకొనుచున్నాడు. అది కూడ అతని నిజమే.

ఆనాటి రేకులు వెలుగును మన కన్నులు చూచునట్లు చూడలేదు. నీలిరంగు వాటికి మిక్కిలి తొందరగ సోకును. ఎరుపు, పసుపు రంగులు దాదాపు సోకవు. కావున నీలిబట్ట పటములో తెల్లగను, ఎరుపుబట్ట నల్లగను కనిపించుచుండెను. ఎండలో పనిచేసి కందిన ముఖము ఉన్నదానికంటె నల్లగ పడును. నీడపట్టున నుండు స్త్రీల ముఖము తెల్లగ పడును. అనగా ఎవడు పొలములో పనిచేయునో, ఎవడు గదిలో కూర్చుండునో ఆ రేకు మరింత గట్టిగ చాటి చెప్పెను. ఇదిగాక డాగెరోటైపునందు రూపము అద్దములోవలె కుడియెడమలు తారుమారుగ నుండును. ఎడమచేతి ఉంగరము కుడిచేతికి కనిపించును. అద్దమునందలి రూపమునే ఎరిగియున్న మనిషికి ఆ పటము వింతగ తోచలేదు. అతని ఇరుగుపొరుగువారికి మాత్రము ఏదియో తేడాగ తోచియుండవచ్చును.

ఈ పద్ధతి అంతయు 1851లో మారిపోయెను. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను నతడు గాజుపలకపై కొలోడియన్ అను జిగురు పూసి పటము తీయు మార్గమును ప్రకటించెను. అతడు దానికి పేటెంటు తీసికొనలేదు. ఆ విద్యవలన ఎందరో ధనవంతులైరి. ఆర్చర్ మాత్రము 1857లో పేదవాడుగనే మరణించెను. డాగెర్ పేటెంటు కూడ 1853లో ముగిసెను. అంతట వీధివీధిని పటములు తీయువారు వెలసిరి. 1851 జనాభా లెక్కలలో ఛాయాచిత్రకారులమని చెప్పుకొన్నవారు 51 మంది; 1861 నాటికి వారి సంఖ్య 2,500 మించెను. గినీ వెల ఒక షిల్లింగునకు, తుదకు ఆరు పెన్నీలకు దిగివచ్చెను. ఆరు పెన్నీలనగా అర షిల్లింగు. సంతకు వచ్చిన పనికత్తెయు, ఓడనుండి దిగిన నావికుడును ఇప్పుడు తమ ముఖమును జేబులో పెట్టుకొని పోగల్గిరి.

లండను పేదల జీవితములను గూర్చి గొప్ప గ్రంథమును వ్రాసిన హెన్రీ మేహ్యూ ఇట్టి వీధి ఛాయాచిత్రకారు నొకనిని ప్రశ్నించి, అతడు చెప్పిన సంగతులను ప్రచురించెను. అందులో ఒక వింత కలదు. ఒక నావికుడు తొందరపడుచు పటము తీయించుకొనగోరెను. ఆ ఛాయాచిత్రకారుడు అతనికి, మధ్యాహ్నము వచ్చి తీసికొనవలసియున్న ఒక వడ్రంగి పటమును అంటగట్టెను. పటములో తెల్లని లోచొక్కా కలదు. నావికుడు తొడిగినది నీలపు ఉన్ని చొక్కా. నీ నీలపు చొక్కాయే తెల్లగ పడినదని అతనిని నమ్మించెను. నావికుడు సంతోషించి ఆరు పెన్నీలకు బదులు తొమ్మిది పెన్నీలిచ్చి వెడలెను. చాలమందికి తమ ముఖము తమకే తెలియదని, వారు అద్దము చూచుటయే అరుదని ఆ మోసగాడు సమర్థించుకొనెను.

ఈ కథ విని మనకు నవ్వు వచ్చును. కాని ఆలోచించినచో జాలి కలుగును. నీలము తెల్లగ పడుననుట అబద్ధము కాదు. ఆ నిజమునే అతడు మోసమునకు సాధనముగ చేసెను. ఇంటిలో అద్దము లేని మనిషి తన ముఖమును కొనుక్కొనుటకు వచ్చి, పరాయివాని ముఖమును మోసికొనిపోయెను. పటము చౌకయైనంత మాత్రమున దానిపై అధికారము కూడ చౌకగ చేతికి రాదని ఇందువలన తెలియుచున్నది.

ఇక మూడవ అంతరము పేరునకు సంబంధించినది. అదే మేహ్యూ గ్రంథమున, 1851 నాటి సంపుటములలో, పేదల బొమ్మలు పెక్కు కలవు. బియర్డ్ శాలలో తీసిన డాగెరోటైపులను చూచి చెక్కలపై చెక్కి వాటిని అచ్చువేసిరి. తోపుడుబండిపై కూరలమ్మువాడు, నత్తగుల్లల దుకాణము, అంగవైకల్యముతో జాజికాయ తురుముపీటలమ్ముకొనువాడు - ఇట్లు వారి వృత్తులు బొమ్మల క్రింద వ్రాయబడినవి. వారి పేర్లు చాలవరకు లేవు. మతసంబంధమైన కరపత్రములమ్మువాడొకడు హిందువు అను మాటతో మాత్రమే పేర్కొనబడెను. ఒక ప్రభువు పటము క్రింద అతని పేరు, బిరుదులు ఉండును. ఒక పేదవాని పటము క్రింద అతడు చేయు పని ఉండును. మొదటివాడు ఒక మనిషి. రెండవవాడు ఒక మచ్చు. మేహ్యూ దయగలవాడు, పేదల మాటలను శ్రద్ధతో విని వ్రాసినవాడు. అయినను బొమ్మ క్రిందికి వచ్చునప్పటికి ఆనాటి అలవాటు ఆయనను కూడ లోబరచుకొనెను.

చెరసాలలలో ఈ అంతరము మరింత కఠినమయ్యెను. బ్రిస్టల్ నగరపు చెరసాల అధికారి గార్డ్‌నర్ 1852 నుండి ఖైదీల పటములను తీయించుచుండెను. పేరు మార్చుకొని తిరుగు నేరస్థుని గుర్తించుటయే దాని ఉద్దేశము. 1871లో చేసిన చట్టము ఈ పద్ధతిని దేశమంతట స్థిరపరచెను. గుమాస్తా కుర్చీలో కూర్చుండి తన గౌరవము కొరకు డబ్బిచ్చి పటము తీయించుకొనెను. ఖైదీ అట్టి కుర్చీలోనే కూర్చుండి, వలదనుటకు వీలులేక పటమున కెక్కెను. యంత్రము ఒకటే, వెలుగు ఒకటే, ఇష్టము మాత్రము ఒకరికి కలదు, ఒకరికి లేదు.

ఈ భేదమును రెండు పటములు తేటతెల్లము చేయును. రెంటిని తీసినవాడు విలియం కిల్‌బర్న్ అను ఒకే ఛాయాచిత్రకారుడు. 1848 ఏప్రిల్ 10వ తేదీన లండనులోని కెన్నింగ్టన్ మైదానమున చార్టిస్టులను కార్మికజనులు గొప్ప సభ జరిపిరి. వయస్సు వచ్చిన పురుషులందరికి ఓటుహక్కు ఈయవలెననుట వారి కోరికలలో ముఖ్యమైనది. కిల్‌బర్న్ ఆ సభను డాగెరోటైపులుగ తీసెను. వాటిలో కనిపించునవి వేలకొలది టోపీలు, వీపులు, దూరమున జెండాలు. వారెవ్వరి పేర్లును పటముపై లేవు. ఆ రేకులు రాణిగారి భర్తయైన ఆల్బర్టు ప్రభువు సేకరణలో చేరినవి; నేటికిని రాజవంశపు నిధిలో భద్రముగ నున్నవి.

నాలుగేండ్లు గడచెను. 1852 జనవరి 17వ తేదీన అదే కిల్‌బర్న్ విక్టోరియా రాణిని, ఆమె ఐదుగురు బిడ్డలను ఒక రేకుపై తీసెను. రాణి కన్నులు మూసికొనియుండగా చిత్రము పడెను. తన ముఖము ఆమెకు నచ్చలేదు. ఆమె ఆ రేకుపై తన ముఖమును మాత్రము గీకివేసెను. బిడ్డలు చక్కగ నున్నారు; తల్లి ముఖమున్న చోట గీతలు మిగిలినవి. రెండు దినములైన పిమ్మట రాణి మరల కూర్చుండి, పెద్ద టోపీ ధరించి ప్రక్కకు తిరిగి పటము తీయించుకొనెను.

ఈ సంఘటనను తలచినప్పుడు రాణియు మనవంటి మనిషియే యని తోచును. తన పటము చూచుకొని ముఖము చిట్లించుకొనని వారెవరు? కాని మైదానములోని కార్మికునికి, చెరసాలలోని ఖైదీకి, తురుముపీటలమ్మువానికి తన ముఖమును గీకివేయు హక్కు లేదు. అనగా కెమెరా అందరిని సమానముగనే చూచెను. ఎవరి పటమును ఎవరు దాచవలెను, ఎవరు చెరపవలెను, దాని క్రింద ఏమి వ్రాయవలెను అనునవి మాత్రము సంఘమే నిర్ణయించెను. అంతరము కటకములో లేదు. కటకమునకు అటునిటు నిలిచిన మనుష్యుల నడుమ కలదు.

అయినచో వేరొక మార్గము లేకపోయెనా? కలదు. స్కాట్లండు రాజధానియైన ఎడిన్‌బరోలో డేవిడ్ హిల్ అను చిత్రకారుడును, రాబర్ట్ ఆడమ్సన్ అను యువకుడును 1843 నుండి కలిసి పనిచేసిరి. వారు టాల్బట్ అను ఆంగ్లేయుడు కనిపెట్టిన కాగితపు పద్ధతిని వాడిరి. టాల్బట్ పేటెంటు స్కాట్లండునకు వర్తింపలేదు. కావున వారికి ధరబాధ లేకపోయెను. నగరమునకు సమీపమున న్యూహేవెన్ అను చేపలవారి పల్లె కలదు. అచ్చటి పురుషులు సముద్రమునకు పోవుదురు. స్త్రీలు గంపలు వీపున మోసికొని నగరవీధులలో చేపలమ్ముదురు. హిల్, ఆడమ్సనులు వారి పటములను నూటికి మించి తీసిరి. వారి వెనుక స్తంభములు లేవు. వారికి అరువు దుస్తులు తొడుగలేదు. చారల లంగాలు, గంపలు, పడవలు ఉన్నవి ఉన్నట్లు పడినవి. గంప ప్రక్కన చూపు వాల్చి నిలిచిన ఒక యువతి పేరు ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్ అని నేటికిని లోకమునకు తెలియును. ఒక చేపలమ్మి పేరు 180 ఏండ్లు నిలిచినది. ఆడమ్సన్ 1848లో, ఇరువదియారేండ్ల ప్రాయముననే మరణించెను. ఆ పటములు మాత్రము నేటికిని ఆ కాలపు ఉత్తమ చిత్రములలో పరిగణింపబడుచున్నవి. చూచువాడు మర్యాదతో చూచినచో చేపలగంపయు సింహాసనమంత గంభీరముగ నుండునని అవి చాటుచున్నవి.

మన దేశమునకు కూడ ఆ రెండు దృష్టులును వచ్చినవి. 1868 మొదలు 1875 వరకు బ్రిటిషు ప్రభుత్వమువారు భారతదేశ ప్రజలను గూర్చి ఎనిమిది సంపుటముల ఛాయాచిత్ర గ్రంథమును వెలువరించిరి. అందు చాలమంది మనుష్యులు తమ కులము పేరుననో, తెగ పేరుననో నిలిచిరి గాని తమ స్వంత పేరున కాదు. మేహ్యూ పుస్తకములోని మచ్చులవలెనే వారును ముఖముండియు పేరులేనివారైరి.

ఈ సంగతులు మనకేల యని అడుగవచ్చును. మాతృభాష మాట్లాడువారు కొద్దిమందియైన చోట పేరు నిలుచుట మరింత కష్టము. మన పిల్లల పేరు బడి పుస్తకములో ఒక లిపిలో, కార్డుపై మరియొక లిపిలో, ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగ పడుచుండును. నేడు ప్రతివారి చేతిలోని ఫోనునందును కెమెరా కలదు; దినమునకు పది పటములు తీయుచున్నాము. కాని గోడమీది పటములోని ముత్తవ్వ పేరేమని అడిగినచో ఎందరు పిల్లలు చెప్పగలరు? ఆ పేరు చెప్పగల పెద్దలు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలియున్నారు. వారు పోయిన పిదప మన ముత్తవ్వ కూడ ఎవరో ఒక తెలుగుస్త్రీ యని మాత్రమే మిగులును. ఆమెను మచ్చుగ చేయుటకు పరాయివారు రానక్కరలేదు. మన మరపే చాలును.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో ఒక పని చేయుడు. తల్లిదండ్రుల అనుమతితో ఇంటిలోని పాత పటములను దింపి, పెద్దల యొద్ద కూర్చుండి, ఒక్కొక్కరిని గూర్చి అడుగుడు. పేరు, ఊరు, చేసిన పని, పటము తీసిన సంవత్సరము తెలిసికొని, కాగితపు వెనుకవైపున మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. మేడ తెరలోనిదైనచో అది తెరలోనిదని కూడ వ్రాయుడు. తల్లిదండ్రులకు మనవి యేమనగా, పిల్లలడిగినప్పుడు తీరిక లేదనక ఆ పేర్లను చెప్పుడు. వానిని మన లిపిలో, మన నోటితో పలికినట్లే వ్రాయించుడు.